ఆమ్లజని కథ

ఉన్నతపాఠశాల కడపటి తరగతులలో మన బాలురు ప్రకృతిశాస్త్రములను జిరకాలము పరభాషలోనే చదివిరి: మదరాసు రాజధానిలో నాంగ్లమున, నైజాము రాజ్యమున నుర్దూలో. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికామండలి, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పూనికతో, శాస్త్రగ్రంథములను దెలుఁగునఁ బ్రకటించెను. 1968లో తెలుఁగు అకాడమీ యేర్పడి యింటర్మీడియేటు పుస్తకములకుఁ బూనుకొనెను.

ఈ కృషిలో కష్టమెల్లఁ బరిభాషతోనే. ఒకనాఁడు విజ్ఞానోపాధ్యాయుఁడు రానందున పదవ తరగతికి నేనే పోయితిని. వ్యాకరణము చదివినవాఁడను గదా, 'ఆమ్లజని' యన నామ్లమును జనింపఁజేయునదియని విగ్రహము చెప్పితిని. వెనుక బల్లనుండి యొక బాలుఁడు లేచి, "అయ్యా, ఉదజహరికామ్లములో నామ్లజని లేదుగదా!" యనెను. నాకు మాట రాదయ్యెను.

తప్పు మనది గాదు. ఆమ్లములన్నిట నీ వాయువున్నదని తలఁచి ఫ్రాన్సున లావోయిజర్ గ్రీకుధాతువులతో 'ఆక్సిజన్' అను పేరు పెట్టెను. 1810లో ఇంగ్లండున డేవీ యది సరిగాదని చూపెను. అప్పటికే పేరు స్థిరపడినది. మనవారు దానినే తెనిఁగించిరి. ఆంగ్లమునఁ జదువు బాలునకు గ్రీకు తెలియదు గనుక నా పొరపాటు కానరాదు. మావానికిఁ దెలుఁగుపేరే దానిని పట్టియిచ్చెను. మఱునాఁడు విజ్ఞానోపాధ్యాయునియొద్ద నీ కథ విని, మరల నా తరగతికిఁ బోయి వానికిఁ జెప్పితిని.