రంగం వెళ్ళిన కూలీలు

1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కాక ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆ బియ్యానికి యూరప్ దారి దగ్గరైంది. మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోయడానికి మనుషులు కావలసివచ్చారు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల బీదలు పొట్ట చేతపట్టుకుని కాకినాడ, భీమునిపట్నం, కళింగపట్నంలో ఓడెక్కి రంగం, అంటే రంగూన్, చేరారు. కోరంగి రేవు పేరు మీద రంగూన్‌లో వాళ్ళను కోరంగీలన్నారు.

వాళ్ళ బతుకంతా మేస్త్రీ గుప్పిట్లో ఉండేది. ఓడ చార్జీకి, ఇంటి ఖర్చుకు అప్పిచ్చి తీసుకెళ్ళేది అతనే. పనిలో పెట్టేదీ, కూలి పంచేదీ అతనే. కంపెనీ ఇచ్చిన సొమ్ము పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీల చేతులు దాటి కూలీకి చేరేసరికి చాలా తరిగేది. ఓడ వస్తే పని, రాకపోతే పస్తు. అప్పు మాత్రం పెరుగుతూనే ఉండేది. ఇరుకు అద్దె గదుల్లో ఒకరు లేచిన చోట ఇంకొకరు నడుం వాల్చేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే, ఊరి రేవు వాళ్ళ రెక్కల మీదే నడిచింది.

1930 మే నెలలో తెలుగు కళాసీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. తర్వాత కూలి కొంత పెంచి తెలుగువాళ్ళతో రాజీపడి, బర్మావాళ్ళను వట్టి చేతులతో పొమ్మన్నాయి. మే 26న మొదలైన దాడుల్లో వందమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో అధికులు తెలుగు కూలీలే. చంపినవాళ్ళూ, చచ్చినవాళ్ళూ రోజు కూలి మీద బతికేవాళ్ళే. ఇద్దరి ఆకలినీ ఎదురెదురు నిలబెట్టిన యజమానులదే ఆ నెత్తురు బాధ్యత అంటాను.

1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది మంది భారతీయులు ఇంటిదారి పట్టారు. ఓడలో చోటు దొరకని కూలీలు అరకాన్ కొండల మీదుగా, చింద్విన్ దాటి మణిపూర్ వైపు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి వేలమందిని దారిలోనే తీసుకుపోయాయి. 1962లో సైన్యం గద్దెనెక్కాక మిగిలినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే.

ఉత్తరాంధ్ర ఇళ్ళలో రంగం నాటి ఉత్తరాలు, ఓడ టికెట్లు, మేస్త్రీ అప్పు కాగితాలు మిగిలుంటే పారేయకండి. పెద్దవాళ్ళు చెప్పేది రాసిపెట్టండి. ఈ చరిత్రలో కూలీల మాట ఇప్పటికీ చాలా తక్కువగా ఉంది.