డప్పు వదిలి కీర్తన పట్టిన వాడలు

నల్గొండ క్రైస్తవం గురించి రాసినవాళ్ళు స్టేషన్లు, బడులు, దవాఖానాలు లెక్కబెడతారు. పాట దగ్గరికొచ్చేసరికి రెండు ముక్కల్లో దాటేస్తారు. సూర్యాపేట, నల్గొండల మధ్యనున్న నకిరేకల్ లాంటి చోట్ల చదువురాని మాల మాదిగలకు వాక్యం చేర్చాలంటే చర్చి చేతిలో పాటను మించిన సాధనం ఏముంది?

నల్గొండలో 1890లో మకాం పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్. పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. ఆ మిషన్‌కు అప్పటికే ఒంగోలు అనుభవం ఉంది. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దగ్గరికి ముందుగా వచ్చిన మాదిగల్లో యర్రగుంట్ల పేరయ్య ఒకరు. చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పని చెయ్యం, విగ్రహాలకు మొక్కం అన్నారు వాళ్ళు. మొక్కనప్పుడు జాతరలో డప్పు ఎట్లా కొడతారు? ఊరి పెద్దలు కక్ష కట్టారు, పనులు మాన్పించారు.

చర్చి వచ్చి మన డప్పును లాక్కుందని ఇవాళ కొందరు మిత్రులు అంటున్నారు. ఇది సగం నిజమే. ఆనాడు డప్పు మాదిగకు కళ కాదు, వెట్టి. కొట్టనన్నవాడు వెట్టినే కాదన్నాడు. ఆ ధిక్కారాన్ని మిషనరీ ఖాతాలో వేసెయ్యడం మనవాళ్ళకు అన్యాయం.

మిగతా సగం చర్చిదే. వదిలిన డప్పు చోట ఏం పెట్టింది? బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్ళ కీర్తనలు, రాగం పేరు, తాళం పేరుతో సహా. సంగీతం దరిదాపులకు రానివ్వని జనం నోట రాగాలు పలకడం చిన్న విషయమేం కాదు. కానీ దైవానికి పనికొచ్చే పాట పై కులాలదేనన్న లెక్క మాత్రం చెదరలేదు.

దోర్నకల్‌లో 1912లో బిషప్పయిన అజరయ్య కొంత తేడాగా నడిచాడు. కోలాటం, నాటకం, కథాకాలక్షేపం రానిచ్చాడు. 1939లో ప్రతిష్ఠించిన ఆయన కథీడ్రల్‌లో గుమ్మటాలూ ఉన్నాయి, గుడి స్తంభాలూ ఉన్నాయి. మెదక్‌లో అట్లా కాదు. 1924లో తెరిచిన చర్చి గోతిక్ పద్ధతిది. దాని రంగుటద్దాల బొమ్మలు ఇంగ్లీషు చిత్రకారుడు సాలిస్‌బరీ చేసినవి. కరువులో కూలి దొరికింది నిజమే, గోడ మీద మన మొహం మాత్రం లేదు.

తర్వాత ఇదే జిల్లాలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని సంఘం పాటగా మార్చాడు. 1994లో దండోరా డప్పును మళ్ళీ భుజానికెత్తింది, ఈసారి వెట్టికి కాదు, వాటా కోసం.

డప్పు తిరిగొచ్చినా చర్చిలో కూర్చున్న మాదిగకు వాటా రాలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులం అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడు ఇప్పటికీ బయటే, బీసీ–సీలో ఒక శాతం దగ్గర. అందుకే ఆదివారం కీర్తన ఎత్తుకున్న మనిషే సోమవారం తహసీల్దారు ఆఫీసులో హిందూ మాదిగనని రాయిస్తున్నాడు.