కొసరు ఎవరి కుప్పలోంచి?

ధరలు పెరిగేకొద్దీ చిన్న నాణేలు వాటంతటవే పోతాయనీ, చట్టం వచ్చి ఆ చావును నమోదు చేస్తుందనీ అనడం పరిపాటి. మన్యం దగ్గరికొస్తే ఇంకో మాట కలుపుతారు: అక్కడ నడిచింది వస్తుమార్పిడి, నాణెంతో వాళ్లకేం పని? బొర్రా, అనంతగిరి, అరకు సంతల సంగతి తెలిసినవాళ్లకు ఈ రెండూ మింగుడుపడవు.

తొలి దశలు తెలిసినవే. 1835 నుంచి కంపెనీ ఏలుబడిలో ఒకే రూపాయి. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు, కాణీకి 3 దమ్మిడీలు. అంతకుముందే, ఒడిశాలో గవ్వలతో శిస్తు కట్టుకునే రైతులను వెండి రూపాయలు తెమ్మన్నారు. 1817 పైకా తిరుగుబాటుకు చెప్పే కారణాల్లో అదొకటి. గవ్వ తనంతట తాను పోలేదు, పోగొట్టారు. ఇక మన్యానికి నాణెం తెలియదనేవాళ్లు అరకు గిరిజన స్త్రీల మెడలోని దండలు చూడాలి. పాత నాణేలను దారానికి వరసగా గుచ్చి వేసుకుంటారు.

అసలు చూడాల్సింది 1957 ఏప్రిల్ 1. ఆ రోజు రూపాయికి 100 నయాపైసలయ్యాయి. లెక్క సులువైందని అందరూ మెచ్చుకున్నారు. బడికి, ఆఫీసుకు అది నిజమే. కానీ అణా అంటే ఆరుంపావు నయాపైసలు. పావు పైసాకు నాణెం లేదు. అందుకని సర్కారు మారకపు పట్టిక ఇచ్చింది: కాణీకి 2, అర్ధణాకు 3, అణాకు 6. ఈ అంకెలను సంతలోకి తీసుకెళ్లి చూడాలి. అణా ఉప్పు ఒక్కసారే కొన్నవాడికి 6 నయాపైసలు. అదే ఉప్పును నాలుగు సంతల్లో కాణీ చొప్పున కొన్నవాడికి 8. మూడో వంతు అదనం, ఒకేసారి కొనే స్తోమత లేనందుకు! బేడకు, అంటే రెండణాలకు, రావలసింది పన్నెండున్నర, పట్టికలో ఉన్నది 12. అక్కడ అర పైసా మిగిలింది ఎక్కువ కొనేవాడికే.

అంతా పట్టిక పాపమేనని అనలేం. పాత నాణేలు కొన్నేళ్లు కొత్తవాటితో పాటు చెల్లాయి. అడవి సరుకు ఇచ్చి ఉప్పు తెచ్చుకునే బేరాలూ సాగాయి. వడ్డీవ్యాపారుల అప్పుల ముందు పైసా తేడా చిన్నదే; 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది ఆ దళారుల బారి నుంచి కాపాడేందుకే. అయినా వారం వారం పేదవాడి వైపు నుంచే జారిపోయే తేడాను చరిత్ర వదిలేయకూడదు.

2011 జూన్ 30 నుంచి పావలా, అంతకన్నా చిన్నవి చెల్లవన్నారు. 29లోగా బ్యాంకులో మార్చుకోవచ్చన్నారు. డబ్బాలో దాచిన పది పైసల బిళ్లల కోసం కొండ దిగేదెవరు? అర్ధరూపాయి చట్టప్రకారం నేటికీ చెల్లుతుంది, దుకాణంలో చెల్లదు. పది రూపాయల బిళ్ల 14 నమూనాల్లో ఏదైనా తీసుకోవాలని 2018లో రిజర్వు బ్యాంకు చెప్పాల్సి వచ్చింది. చట్టం కన్నా ముందు గల్లాపెట్టె తీర్పు చెప్పేస్తోంది.

రూపాయి బిళ్లనూ తీసేయమనేవాళ్లు దాన్ని అచ్చువేయడానికి రూపాయి పైనే ఖర్చవుతుందంటారు. ఒక బిళ్ల ఏళ్ల తరబడి ఎన్ని చేతులు మారుతుందో ఆ లెక్కలో లేదు. కెనడా 2013లో సెంటు పంపిణీని ఆపినప్పుడు నగదు బిల్లు మొత్తాన్నే దగ్గరి ఐదు సెంట్లకు సవరించమంది, ఒక్కో సరుకు ధరను కాదు. ఆ జాగ్రత్త రాసిపెట్టకుండా ఇక్కడ రూపాయిని, రెండు రూపాయలను తీసేయడం అన్యాయం. సిగ్నల్ అందని కొండవాలులో ఫోన్ చెల్లింపు వాటి లోటు తీర్చదు.

బొర్రా గుహల దారిలో సీతాఫలాలు కుప్పలు పోసి అమ్మే ఆమె దగ్గర రెండు రూపాయల చిల్లర లేకపోతే, తన కుప్పలోంచే ఇంకో కాయ కొసరు వేస్తుంది. సాయంత్రం కిరాణా కొట్టులో అవే రెండు రూపాయలు తనకు రావలసి వచ్చినప్పుడు ఆమె చేతిలో పెట్టేది చాక్లెట్టు.