ప్రింటర్ ఎక్కడికి పోయింది? లినక్స్ నెట్‌వర్క్ ముద్రణ చరిత్ర

మచిలీపట్నంలోనో గుడివాడలోనో అవనిగడ్డలోనో మీరు వెళ్లే అధ్యయన కేంద్రంలో ఒక లినక్స్ కంప్యూటర్ ఉందనుకోండి. ఆదివారం నాడు ఎవరో దానిలోని వ్యవస్థను కొత్త వెర్షన్‌కు మార్చారు. సోమవారం ఉదయం హాల్ టికెట్ తీసుకుందామని మీరు వెళ్లేసరికి, శనివారం దాకా జాబితాలో కనిపించిన ప్రింటర్ పేరు కనిపించదు. లేదా పేరు ఉంటుంది, పంపిన పని మాత్రం కదలదు. పక్కనున్న వారి సెల్‌ఫోన్ నుంచి అదే ప్రింటర్ చక్కగా అచ్చు వేస్తుంది. అంటే యంత్రం బాగానే ఉంది, తీగలూ బాగానే ఉన్నాయి. పరీక్ష మాత్రం రేపే.

ఇది కంప్యూటర్ వారి సమస్య కదా, చరిత్ర పాఠంలో దీనికేం పని అని మీకు సందేహం రావచ్చు. ముద్రణకు వాడే సాఫ్ట్‌వేర్ ఒకేసారి ఒకరు కట్టిన ఇల్లు కాదు. 1971 నుంచి నేటి వరకు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ వచ్చిన పొరలు అందులో ఉన్నాయి. ఒక్కో పొర ఒక్కో అవసరం కోసం, ఒక్కో కాలంలో పుట్టింది. కొత్త వెర్షన్ వేసినప్పుడు వాటిలో ఏదో ఒక పాత పొర తొలగిపోతుంది, లేదా నోరు మూసుకుంటుంది. కనుక "ప్రింటర్ ఎందుకు ఆగింది?" అన్న ప్రశ్నకు తరచుగా ఒక సంవత్సరమే జవాబుగా దొరుకుతుంది.

ఒకే కప్పు కింద జరిగిన పని

బందరు వారికి అచ్చు కొత్త కాదు. పెడనలో టేకు చెక్క అచ్చులతో బట్టల మీద వేసే అద్దకం ఈనాటికీ సాగుతున్నది. రంగుకో అచ్చు, అచ్చుకో మనిషి. కాగితం మీది అచ్చు విషయానికి వస్తే, 1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రికను తలచుకోవాలి. 1907 నుంచి 1945లో మరణించే వరకు ముట్నూరి కృష్ణారావు దానికి సంపాదకులు. ఆ కాలపు తెలుగు అచ్చుకూటంలో గుణింతాలకు, ఒత్తులకు విడివిడిగా సీసపు అక్షరాలు ఉండేవి. కంపోజిటర్ వాటిని గూళ్లలోంచి ఏరి పేర్చేవాడు. అక్షరం విరిగితే, సిరా పల్చబడితే, కాగితం ఇరుక్కుంటే కారణం కళ్లెదుటే ఉండేది. రాసేవారు, పేర్చేవారు, అచ్చు వేసేవారు ఒకే కప్పు కింద ఉండేవారు. నెట్‌వర్క్ ముద్రణ ఈ ముగ్గురినీ విడదీసింది. మనం చూడబోయే చిక్కులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

యూనిక్స్ కాలం

లినక్స్‌కు మాతృక అయిన యూనిక్స్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. అక్కడి పరిశోధకులు కొత్త కంప్యూటర్ కోసం యాజమాన్యాన్ని ఒప్పించడానికి చూపిన కారణం పత్రాల తయారీ. 1971లో ఆ సంస్థ పేటెంట్ విభాగం తన దరఖాస్తులను చక్కగా పేర్చి అచ్చు తీయడానికి యూనిక్స్‌ను వాడటం మొదలుపెట్టింది. ఈ వ్యవస్థ బతికి బట్టకట్టడానికి ముద్రణ కూడా ఒక కారణమన్నమాట. నేటి లినక్స్ వాడకందారులు ప్రింటర్ గురించి పడే అవస్థ చూస్తే ఈ సంగతి నమ్మబుద్ధి కాదు.

ఒకే ప్రింటర్‌ను పదిమంది వాడాలంటే పనులను వరుసలో నిలబెట్టాలి. ఆ వరుసను నడిపే కార్యక్రమం ఎల్‌పీడీ. బర్క్‌లీ విశ్వవిద్యాలయం 1983లో విడుదల చేసిన యూనిక్స్ వెర్షన్‌లో ఇది నెట్‌వర్క్ మీదుగా కూడా పనిచేసింది. 1990లో దీని నియమాలను ఒక పత్రంగా రాసిపెట్టారు. దానికి కేటాయించిన ద్వారం, అంటే పోర్టు, సంఖ్య 515. డెల్టా వారికి తూము అంటే సులువుగా అర్థమవుతుంది: కాలువ ఒకటే, ఒక్కో పొలానికి ఒక్కో తూము. ఎల్‌పీడీకి పెద్ద లోపం ఒకటి ఉంది. ప్రింటర్‌కు ఏ కాగితం పడుతుంది, రంగు వేయగలదా, రెండు వైపులా అచ్చు తీయగలదా అని అడిగి తెలుసుకునే మార్గం అందులో లేదు. నీళ్లు వదలడమే గాని పొలం తడిసిందో లేదో చెప్పేవారు లేరు.

ఈ దశలోనే జరిగిన ఒక సంఘటన దగ్గర కాసేపు ఆగుదాం. ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ పనిచేసేవాడు. అక్కడి పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నప్పుడల్లా, వరుసలో ఎదురుచూస్తున్న వారందరి తెరల మీదా కబురు కనిపించేలా అతను సాఫ్ట్‌వేర్‌ను సవరించాడు. ఎవరో ఒకరు లేచి వెళ్లి కాగితం తీసేవారు. 1980 ప్రాంతంలో జిరాక్స్ సంస్థ ఆ ప్రయోగశాలకు కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అదీ మొరాయించేది, కాని దాన్ని నడిపే కార్యక్రమపు మూలరూపం వారికి ఇవ్వలేదు. ఆ మూలం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర ఉందని తెలిసి స్టాల్‌మన్ వెళ్లి అడిగాడు. ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానంటూ ఆయన నిరాకరించాడు. 1983 సెప్టెంబర్ 27న స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమం వెనుక ఈ చేదు అనుభవం ఉంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ ఆ ఉద్యమపు పనిముట్లతో కలిసే నేటి రూపం పొందింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రను సిద్ధాంతాలతో మొదలుపెట్టే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఇరుక్కున్న కాగితంతో మొదలుపెట్టడమే సబబని నా అభిప్రాయం.

డ్రైవర్లనే దుబాసీలు

1984, 1985 సంవత్సరాల్లో లేజర్ ప్రింటర్లు కార్యాలయాల బల్లల మీదికి వచ్చాయి. అడోబీ సంస్థ పోస్ట్‌స్క్రిప్ట్ అనే పుట వర్ణన భాషను తెచ్చింది. ఒక ప్రింటర్‌కు ఏమేమి చేతనవునో చెప్పే చిన్న వర్ణన ఫైలును పీపీడీ అన్నారు. ఆ భాష తెలియని ప్రింటర్లకు డ్రైవర్ అనే దుబాసీ కావలసి వచ్చింది.

తర్వాత ధర తగ్గించడానికి తయారీదారులు ప్రింటర్‌లోని బుర్రను తగ్గించి, ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించారు. మన ఊళ్లలో జిరాక్స్ షాపుల్లో కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో చాలావరకు ఈ కోవకు చెందినవే. ఉదాహరణకు హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 తన ఫర్మ్‌వేర్‌ను తన దగ్గర ఉంచుకోదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని ఎక్కించాలి. వ్యవస్థను మార్చినప్పుడు ఆ ఎక్కించే కార్యక్రమం జారిపోతే ప్రింటర్ దీపం వెలుగుతూనే ఉంటుంది, కాగితం మాత్రం కదలదు. ఇటువంటి ప్రింటర్‌ను ఒక కంప్యూటర్‌కు తగిలించి నెట్‌వర్క్‌లో అందరికీ పంచుకున్నప్పుడు, తప్పు ఆ ఒక్క కంప్యూటర్‌లో ఉన్నా అవస్థ అందరిదీ అవుతుంది.

కప్స్, 2012 నాటి మాయం

1997లో మైకేల్ స్వీట్ అనే ప్రోగ్రామర్ కొత్త ముద్రణ వ్యవస్థ రాయడం మొదలుపెట్టాడు. 1999లో అది కప్స్ పేరుతో బయటికి వచ్చింది. అదే ఏడాది ఇంటర్నెట్ ముద్రణ నియమావళి ఐపీపీ మొదటి రూపం వెలువడింది. దీని పోర్టు 631. ఎల్‌పీడీలో లేని సంభాషణ ఇందులో వచ్చింది: నీకేం చేతనవును, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నావు, కాగితం ఉందా అని ప్రింటర్‌ను అడగవచ్చు. 2002లో యాపిల్ తన మ్యాక్ వ్యవస్థలో కప్స్‌ను చేర్చుకుంది. 2007లో స్వీట్‌ను ఉద్యోగంలోకి తీసుకుని, కప్స్ మూలాన్ని కొనుక్కుంది. ప్రపంచంలోని లినక్స్ డెస్క్‌టాప్‌ల ముద్రణ పగ్గాలు అలా ఒక వ్యాపార సంస్థ చేతికి వెళ్లాయి.

దాని ఫలితం 2012లో కప్స్ 1.6 వెర్షన్‌తో తెలిసింది. అంతవరకు ప్రింటర్ ఉన్న కంప్యూటర్, సంతలో టముకు వేసినట్లు, "నా దగ్గర ఫలానా ప్రింటర్ ఉంది" అని కొద్ది క్షణాలకోసారి నెట్‌వర్క్ అంతటా చాటేది. మిగతావి విని జాబితాలో రాసుకునేవి. 1.6లో ఈ పద్ధతిని పూర్తిగా తీసేశారు. దాని స్థానంలో యాపిల్ అప్పటికే వాడుతున్న డీఎన్ఎస్-ఎస్‌డీ అనే పద్ధతి వచ్చింది. లినక్స్‌లో ఆ పని చేసేది అవాహి అనే సేవ, దాని పోర్టు 5353. సర్వర్ పాతదై, డెస్క్‌టాప్ కొత్తదైతే ఏమవుతుంది? సర్వర్ టముకు వేస్తూనే ఉంటుంది, డెస్క్‌టాప్‌కు ఆ భాష వినిపించదు. ప్రింటర్లు జాబితాల్లోంచి మాయమయ్యాయి.

ఈ రెంటి మధ్య వంతెనగా ఓపెన్‌ప్రింటింగ్ బృందం కప్స్-బ్రౌజ్డ్ అనే కార్యక్రమాన్ని అందించింది. ఆ బృందానికి సారథి టిల్ కాంపెటర్. కొత్త పద్ధతి మెరుగైనదే, ఆ మాట ఒప్పుకోవాలి. అన్ని కంప్యూటర్లూ ఒకేరోజు మారవన్న సంగతిని మాత్రం ఆ నిర్ణయం చేసినవారు లెక్కలోకి తీసుకోలేదు. నాలుగు కంప్యూటర్లలో రెండింటిని మార్చి రెండింటిని వదిలేసే చిన్న కేంద్రాలకే దెబ్బ ఎక్కువ తగిలింది.

2019 చివర్లో స్వీట్ యాపిల్‌ను విడిచాడు. 2020లో ఓపెన్‌ప్రింటింగ్ కప్స్‌ను తన పేరుతో నడపడం మొదలుపెట్టింది. 2024 సెప్టెంబర్‌లో వంతెనకే బీటలు బయటపడ్డాయి. కప్స్-బ్రౌజ్డ్ ద్వారా బయటివారు కంప్యూటర్‌లో చొరబడే వీలుందని సిమోనె మార్గరిటెల్లి వెల్లడించాడు. జాగ్రత్త కోసం ఎన్నోచోట్ల ఆ సేవను ఆపేశారు. దాని మీద ఆధారపడిన చోట ప్రింటర్లు మళ్లీ మాయం. లక్షణం 2012 నాటిదే, కారణం వేరు.

విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్‌కు ప్రింటర్ తగిలించి, దాన్ని లినక్స్ నుంచి వాడుకునే అలవాటు కూడా మన దగ్గర ఉంది. ఎక్స్‌పీకి తెలిసిన పంపకపు భాష ఎస్ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే. 2017 మేలో వాన్నక్రై అనే దాడి ఆ వెర్షన్‌లోని లోపంతోనే దేశదేశాల్లో వ్యాపించింది. 2019 సెప్టెంబర్‌లో వచ్చిన సాంబా 4.11 ఆ వెర్షన్‌ను ముందుగానే ఆపి ఉంచింది. ఇక్కడ సెట్టింగు మార్చి పాత తలుపు తెరవడం కన్నా, ప్రింటర్‌ను లినక్స్ కంప్యూటర్‌కే తగిలించడం మేలు.

చివరి పొలం నుంచి పైకి

దివిసీమలో చివరి ఆయకట్టు రైతు తన చేనుకు నీరు రాకపోతే బ్యారేజీ దగ్గరికి పరుగెత్తడు. ముందు తన బోదె చూసుకుంటాడు, తర్వాత తూము, ఆ పైన పిల్లకాలువ, లాకు. మీరూ అదే దారిలో వెళ్లండి.

మొదట ప్రింటర్ దగ్గరికే వెళ్లి, దాని మీటలతో పరీక్ష పుట తీయండి. వర్షాకాలంలో, ముఖ్యంగా కోడూరు, నాగాయలంక వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, తేమ పట్టిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుని లోపలికి పోతాయి. అది లినక్స్ తప్పు కాదు. పరీక్ష పుటలోనే ప్రింటర్ నెట్‌వర్క్ చిరునామా కూడా ఉంటుంది, ఉదాహరణకు 192.168.1.20. ఆ చిరునామాను కంప్యూటర్‌లో రాసి ఉన్నదానితో పోల్చండి. గాలివానకు కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ ప్రింటర్‌కు వేరే చిరునామా ఇవ్వడం తరచుగా జరుగుతుంది. ఆ మార్పు అప్‌గ్రేడ్ చేసిన రోజే జరిగితే నింద అప్‌గ్రేడ్ మీద పడుతుంది. రౌటర్‌లోనే ఆ ప్రింటర్‌కు ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయించడం దీనికి మందు.

చిరునామా సరిపోతే కంప్యూటర్ వైపు రండి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని టైపు చేసి, కోలన్ పెట్టి, 631 అని కొడితే కప్స్ పుట తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే కప్స్ సేవే నడవడం లేదు. తెరుచుకుంటే ప్రింటర్ వరుస స్థితి చూడండి. ఒక పని విఫలమైతే వరుస మొత్తాన్ని ఆపేసే ఏర్పాటు కప్స్‌లో ఉంది. అప్పుడు పాత పనులను రద్దు చేసి, వరుసను తిరిగి నడిపిస్తే చాలు. టెర్మినల్ అలవాటున్నవారు ఎల్‌పీస్టాట్ ఆదేశంతో ఇదే చూడవచ్చు.

పేరే కనిపించకపోతే అవాహి నడుస్తున్నదో లేదో, ఫైర్‌వాల్ 5353 పోర్టును మూసిందేమో చూడాలి. పేరు కనిపించి అచ్చు చెత్తగా వస్తే తప్పు డ్రైవర్‌ది. పాత వరుసను తీసేసి కొత్తగా చేర్చండి. 2010లో ఫోన్ల కోసం యాపిల్ తెచ్చిన ఎయిర్‌ప్రింట్, 2013లో వచ్చిన ఐపీపీ ఎవ్రీవేర్ తెలిసిన ప్రింటర్లకు డ్రైవర్ అక్కరలేదు. సెల్‌ఫోన్ నుంచి అచ్చు వచ్చి లినక్స్ నుంచి రాకపోవడంలోని రహస్యం తరచుగా ఇదే. ఫోన్ కొత్త దారిలో వెళ్తుంటుంది, కంప్యూటర్ పాత డ్రైవర్‌ను పట్టుకుని వేలాడుతుంటుంది.

తెలుగు పుట

పుట వచ్చింది గాని ఒత్తులు విడిపోయాయి, లేదా అక్షరాల చోట డబ్బాలు వచ్చాయి అంటే అది నెట్‌వర్క్ సమస్య కాదు. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. కాని అక్షరాల సంకేతాలు ఉంటే సరిపోదు, "స్త్రీ"లో ఏది ఎక్కడ కూర్చోవాలో ఫాంటుకు, దాన్ని పేర్చే కార్యక్రమానికి తెలియాలి. ఆనాటి కంపోజిటర్ చేతి పని ఇప్పుడు వాటిది. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ పుటను చూసినా, అచ్చు తీసినా ఫలితం ఒకటే. లోహిత్, పోతన, వేమన వంటి స్వేచ్ఛగా దొరికే తెలుగు ఫాంట్లు ఉన్నాయి. గూగుల్ ఫాంట్లలో ఎన్టీఆర్ పేరిట కూడా ఒకటి ఉంది. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టి, 1983లో గుడివాడ నుంచే శాసనసభకు గెలిచిన మనిషి పేరు అక్షరాలకు దక్కడం ముచ్చటగానే ఉంది.

లినక్స్ ముద్రణ 2006 నుంచి పోస్ట్‌స్క్రిప్ట్‌ను విడిచి పీడీఎఫ్ వైపు మళ్లింది. ఇది తెలుగుకు మేలు చేసింది. పీడీఎఫ్‌లో ఫాంటును పుటతోపాటు పొదగవచ్చు. కనుక మీ అసైన్‌మెంట్‌ను ముందు పీడీఎఫ్‌గా దాచి, తెరమీద ఒత్తులు చూసుకుని, ఆ తర్వాతే ప్రింటర్‌కు పంపండి. ప్రింటర్ ఎంతకీ కదలకపోతే అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క షాపుకు వెళ్లవచ్చు, అక్కడ తెలుగు ఫాంటు లేకపోయినా పుట చెదరదు.

ముందు రాబోయే కప్స్ 3లో పీపీడీ ఫైళ్లకు, పాత తరహా డ్రైవర్లకు చోటు ఉండదని దాన్ని తయారుచేస్తున్నవారు ఎప్పుడో ప్రకటించారు. పాత ప్రింటర్ల కోసం ప్రింటర్ అప్లికేషన్లు అనే చిన్న కార్యక్రమాలు సిద్ధమవుతున్నాయి. ఇవి పాత ప్రింటర్‌ను కొత్త ఐపీపీ ప్రింటర్‌లా కనిపింపజేస్తాయి. మీ కేంద్రంలో పాత ప్రింటర్ ఉంటే, తర్వాతి అప్‌గ్రేడ్‌కు ముందే దాని మోడల్ సంఖ్య, నెట్‌వర్క్ చిరునామా, కప్స్ పుటలో కనిపించే అనుసంధాన వరుస, వాడుతున్న డ్రైవర్ పేరు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ప్రింటర్ పక్కన గోడకు అంటించండి. పరీక్షల నెలలో మాత్రం అప్‌గ్రేడ్ జోలికి పోవద్దు.