తంగేడు గ్రంథాలకెక్కిన కథ

హైదరాబాదుకు దక్షిణంగా, బెంగుళూరు పోయే రహదారిమీద శంషాబాదు ఉన్నది. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాల రాకపోకలు ఇక్కడికి మారిన తరువాత ఈ ఊరిపేరు దేశదేశాల ప్రయాణికులకు తెలిసినది. ఎర్రనేలలు, రాతిగుండ్లు, చెరువులు, మెట్టచేలు, వాటి నడుమ ఎవరూ విత్తనం చల్లని బీళ్లు – ఇదీ ఈ సీమ స్వరూపం. వానలు వెనుకబట్టే రోజులలో తంగేడు పసుపుపచ్చగా విరగబూస్తుంది. బతుకమ్మను పేర్చటానికి ఆడవారు, పిల్లలు ఆ పూలను బుట్టల కొద్దీ కోసుకొంటారు. మాఘ ఫాల్గుణాలలో ఆకు రాల్చిన మోదుగ నిప్పురంగు పూలతో నిలుస్తుంది. కాలిక్రింద వెంపలి ఊదాపూలు పూస్తుంది. ఈ మూడింటికీ పెరటి చిక్కుడుతో చుట్టరికం ఉన్నదంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. కాయ విప్పి, గింజలు ఒకే అంచును పట్టుకొని వరుసగా ఉండటం చూపితే నమ్మక తప్పదు.

ఈ మొక్కలను జనులు ఎప్పటినుండో ఎరుగుదురు. అయితే ఎరగటం వేరు, వర్ణించటం వేరు. ఎన్నడూ ఆ మొక్కను చూడనివాడు కూడా చదివి గుర్తుపట్టగలిగేటట్లు వ్రాసినదే శాస్త్రవర్ణన. తంగేడునే తీసుకొందాము. అది నిలువెత్తు పొద. ఒక్కొక్క ఆకులో ఎనిమిది నుండి పన్నెండు జతల పత్రకాలు ఉంటాయి. ప్రతి జత మధ్య ఈనెమీద సన్నని గ్రంథి ఒకటి ఉంటుంది. పూవులో అయిదు ఆకర్షణపత్రాలు, పది కేసరాలు. ఆ పదింటిలో పైనున్న మూడు గొడ్డువి, పుప్పొడి నీయవు. కాయ బల్లపరుపుగా, కాగితంవలె పలుచగా ఉంటుంది. ఇక ఆకుకాడ మొదట ఇరువైపులా చెవితమ్మెలవలె వెడల్పయిన పుచ్ఛాలు ఉంటాయి. విద్యార్థులు మొదట చూడవలసినది వీటినే. 1753లో స్వీడను దేశీయుడైన లిన్నేయసు ఈ మొక్కకు ‘కాసియా ఆరిక్యులేటా’ అని పేరు పెట్టినది ఈ చెవులనుబట్టియే. లాటినులో ఆరిక్యులా అంటే చిన్న చెవి. ఆ మహాశయుడు భారతదేశపు గడపైనా త్రొక్కలేదు.

త్రొక్కినవాడు ఆయన శిష్యుడు కోనిగ్. 1768లో తరంగంబాడిలోని డేనిషువారి స్థావరానికి వచ్చి, తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడై, తీరమంతా మొక్కలు సేకరించుతూ తిరిగి, 1785లో నేటి కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో కన్నుమూసినాడు. ఆయన స్నేహితుడు విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు అప్పటికే సామర్లకోటలో ఉండేవాడు. 1781 నుండి 1793 వరకు ఆయన అక్కడ గడిపిన పన్నెండేండ్లు తెలుగునాటి వృక్షశాస్త్రానికి పునాది అని చెప్పవచ్చును. కంపెనీవారికి కావలసినవి మిరియాలు, నీలిమందు. రాక్స్‌బర్గ్ వాటిని సాగుచేయిస్తూనే, చుట్టుపట్ల అడవిమొక్కలను తెప్పించి, ఎదుట పెట్టుకొని, వేరునుండి గింజవరకు వరుసగా వర్ణన వ్రాసేవాడు. ఇక్కడి చిత్రకారులచేత బొమ్మలు వేయించేవాడు. ఆ బొమ్మలలోనుండి ఏరిన 300 ఫలకాలతో ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే మూడు సంపుటాల గ్రంథం 1795 – 1820 మధ్య లండనులో వెలువడినది. వాటిని వేసిన చేతులెవరివో గ్రంథం చెప్పదు. పుటలు తిరగవేసినవారికి అది లోటుగానే తోస్తుంది.

మోదుగకు ‘బ్యూటియా’ అనే ప్రజాతి నామం కోనిగ్ ఆలోచించి పెట్టినది. రాక్స్‌బర్గ్ దానిని 1795లో ప్రకటించి, మోదుగను, తీగమోదుగను పక్కపక్కన ఉంచినాడు. బ్యూట్ ప్రభువు ఇంగ్లండుకు ప్రధానమంత్రిగా ఉండినవాడు, వృక్షశాస్త్రాభిమాని; మన మోదుగతో ఆయనకు వేరే సంబంధమేమీ లేదు. ‘మోనోస్పెర్మా’ అన్న రెండవ మాట మాత్రం మొక్కను చూచి పెట్టినది. మోదుగకాయ కొనను ఒకే ఒక గింజ ఉంటుంది; మిగిలిన భాగమంతా గాలికి ఎగరటానికి రెక్క. ఈ మాటను లామార్కు 1783లోనే వాడినాడు గాని, మొక్కను మరొక ప్రజాతిలో చేర్చినాడు. రెండు మాటలనూ కలిపినవాడు టౌబర్టు, 1894లో. ఒక చెట్టు పేరు కుదురుకొనటానికి నూరేండ్లు దాటినది!

రాక్స్‌బర్గ్ వర్ణనలలో తెలుగు పేర్లు తరచు కనిపిస్తాయి. కొన్నిచోట్ల తెలుగు మాటే శాస్త్రనామమైనది. గుట్టలమీద పెరిగే సండ్రచెట్టు పేరు లాటినులో ఒకచోట ‘సుంద్రా’ అని, మరొకచోట ‘చుంద్రా’ అని నిలిచినది. ఎండిన కాయను కదిపితే లోపలి గింజలు గలగలమనే మొక్కను తెలుగువారు గిలిగిచ్చ అన్నారు. యూరపు పండితులు దానికి పెట్టిన ‘క్రోటలేరియా’ అనే పేరు కూడా గిలకకు ఉన్న గ్రీకు మాటనుండి పుట్టినదే. ఒకరినొకరు ఎరుగనివారు ఒకే కాయను ఊపి ఒకే పేరు పెట్టినారు.

రాక్స్‌బర్గ్ తరువాత, 1859లో వాల్టర్ ఎలియట్ ‘ఫ్లోరా ఆంధ్రికా’ను మద్రాసులో అచ్చువేయించినాడు. తెలుగు పేరు చూచి శాస్త్రనామం తెలిసికొనటానికి అది చక్కని సాధనం. అయితే అది కూడా ముఖ్యంగా ఉత్తర సర్కారుల పట్టికయే. తెలుగు మొక్కల కథ అంతవరకు సముద్రతీరం నుండే వ్రాయబడినది. 1872 – 1897 మధ్య హుకరు ఏడు సంపుటాలలో వెలువరించిన ‘బ్రిటిషు ఇండియా వృక్షజాలం’లో చిక్కుడు కుటుంబాన్ని బేకరు వ్రాసినాడు. అంత పెద్ద దేశాన్ని ఒక గ్రంథంలో ఇమిడ్చినప్పుడు జిల్లాలవారీ వివరానికి చోటుండదు. తరువాత రాజధానులకు వేరువేరు గ్రంథాలు వచ్చినవి. కుక్ బొంబాయికి 1901 – 1908లో, గాంబుల్ మద్రాసుకు 1915 నుండి వ్రాసినారు. గాంబుల్ 1925లో మరణించగా ఫిషరు 1936లో పని పూర్తిచేసినాడు. నిజాం రాజ్యం బొంబాయిలోనూ చేరదు, మద్రాసులోనూ చేరదు. రెండు గొప్ప గ్రంథాల నడుమ తెలంగాణా పీఠభూమి ఖాళీగా మిగిలినది.

ఆ ఖాళీని కొంతవరకు పూరించినది 1911లో పార్ట్రిడ్జి వ్రాసిన నిజాం రాజ్యపు అటవీ వృక్షజాలం. అడవిశాఖవారి చూపు సహజంగా కలపమీద ఉంటుంది. వెంపలి, గిలిగిచ్చలవంటి చిన్నమొక్కల సంగతి వేరుగా చూడవలసినదే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రాచార్యులైన సయీదుద్దీన్ 1930, 1940 దశకాలలో హైదరాబాదు రాజ్యపు సామాన్య పుష్పించు మొక్కలను గురించి వ్యాసాలు ప్రకటించి, అవి దొరికే చోట్లను, వాటి ఉపయోగాలను తెలిపినారు. తరువాతి తరంలో పుల్లయ్యగారు, వారి సహచరులు ఆంధ్రప్రదేశ్ వృక్షజాలాన్ని, రాష్ట్రం ఏర్పడిన మీదట తెలంగాణా వృక్షజాలాన్ని సంపుటాలుగా అందించినారు.

ఈ పాతవర్ణనల వలన ప్రయోజనమేమని ఎవరైనా అడుగవచ్చును. శంషాబాదు పరిసరాలలోనే ఒక జవాబు ఉన్నది. తెలంగాణా బీళ్లలో సర్కారుతుమ్మ దట్టంగా అల్లుకొని, అనాదిగా ఇక్కడిదే అనిపిస్తుంది. రాక్స్‌బర్గ్ గ్రంథం తెరిస్తే, దసరానాడు పూజించే జమ్మి బొమ్మతో సహా కనిపిస్తుంది. దానికి దగ్గర బంధువైన సర్కారుతుమ్మ మాత్రం కనిపించదు. ఉండటానికి వీలులేదు. అమెరికా ఖండానికి చెందిన ఆ మొక్క మన దేశానికి వచ్చినది 1877 ప్రాంతంలో. రాక్స్‌బర్గ్ 1815లోనే మరణించినాడు. ఏది ఇంటిది, ఏది వచ్చినది అనే తగవును వర్ణన తీర్చగలదు. ఒక మొక్క ఇదివరలో ఏ ఊరి బీటిలో ఉండినదనే తగవును తీర్చటానికి అది చాలదు. దానికి ఎండబెట్టి అట్టకు అంటించిన కొమ్మ, దానిక్రింద ఊరిపేరు, తేదీ కావలెను. రాక్స్‌బర్గ్ దాచిన కొమ్మలలో అనేకంటిపై ఊరిపేరే లేదు. విమానాలు దిగే దారికి, వెడల్పు రోడ్లకు వేల ఎకరాలు చదునుచేసిన తరువాత, అక్కడ ఏ వెంపలి, ఏ గిలిగిచ్చ ఉండేదో నేల చెప్పదు. అటువంటి చీటీయే చెప్పవలెను.

తంగేడు పేరు మరొకమారు మారినది. రాక్స్‌బర్గ్ దానిని కాసియా నుండి వేరుచేసి ‘సెన్నా’ ప్రజాతిలో చేర్చినాడు. ఆయన పోయిన తరువాత, 1832లో శ్రీరాంపురంలో అచ్చయిన ‘ఫ్లోరా ఇండికా’లో అది వెలువడినది. బేకరు దానిని లెక్కపెట్టక మళ్లీ కాసియాయే అన్నాడు. పాఠ్యగ్రంథాలు చాలాకాలం బేకరునే అనుసరించినవి. 1982లో ఇర్విను, బార్నెబీ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఈ గుంపునంతా తిరిగి పరిశీలించి, సెన్నా వేరే ప్రజాతి అని నిరూపించినారు. 2014లో తెలంగాణా రాష్ట్రపుష్పంగా ఎంపికైన తంగేడు పూర్తిపేరు నేటి శాస్త్రగ్రంథాలలో ‘సెన్నా ఆరిక్యులేటా (ఎల్.) రాక్స్‌బ్.’ అని ఉంటుంది. కుండలీకరణంలోని అక్షరం చెవులను చూచి పేరు పెట్టిన లిన్నేయసుది; బయట ఉన్నది సామర్లకోట వైద్యునిది.