విశాఖపట్టణపు పెట్టెలు

పెట్టెలకు మన భాషలో నెన్ని పేర్లున్నవో లెక్కింప నారంభించినచో నొక సాయంకాలము చాలదు. పాత్రలకును దుప్పట్లకును భోషాణము, చీరలకు సందుగ, కుంకుమకు బరిణె, ఆకువక్కలకు తాంబూలపు పెట్టె, పెండ్లికూతురు వెంట అత్తవారింటి కేగు కావడిపెట్టె. ఇనుప బీరువా వచ్చి వీని నన్నిటిని అటుకమీదికి దరిమినది. అటుకమీదినుండి యవి పాతసామానుల వర్తకునికడకును, అచ్చటినుండి పట్టణములలోని ధనికుల ముందుగదులకును పోవుచున్నవి. మన మమ్మిన పెట్టెను వారి యింట జూచి, ‘ఎంత చక్కని పనితనము!’ అని మెచ్చుకొని వచ్చుచున్నాము.

తెలుగుదేశపు పెట్టెలలో దేశాంతరములందు మిక్కిలి పేరుగన్నవి విశాఖపట్టణపువి. లండను నగరమున వేలము వేయువారి పట్టికలలో ‘వైజాగపటాం’ అనుమాట ఊరిపేరుగా గాక యొక పనితనపు పేరుగా వాడబడుచుండును. ఆ యూరికి రైలులో రెండుగంటల దూరమున నుండి పిల్లలకు చరిత్రపాఠములు చెప్పు మాకు, ఈ సంగతి నిన్నమొన్నటిదాక దెలియకపోవుట సిగ్గుపడదగినదే.

17వ శతాబ్ది చివర ఆంగ్లేయ వర్తకసంఘమువారు విశాఖపట్టణమున కొఠీ పెట్టిరి. పొరుగుననున్న భీమునిపట్టణమున డచ్చివారు అంతకుముందే యుండిరి. పెగూ దేశమునుండి ఓడలపై కలపయు ఏనుగుదంతమును వచ్చుచుండెను. చేయి తిరిగిన పనివారు ఇచ్చటనే యుండిరి. వారు మొదట నల్లని కఱ్ఱలో దంతపు తునుకలను పొదిగి, వానిపై సన్ననిమొనగల యులితో తీగలును పూవులును గీసి, ఆ గీతలలో నల్లని లక్క నింపి మెఱుగుపెట్టుచుండిరి. ఆ తీగ లెక్కడివి? అదే తీరమున అద్దకపువారు చీటిగుడ్డలపై వ్రాసిన తీగలకు అవి తోబుట్టువులు. బట్టపై కలమును మైనమును జేసిన పనిని దంతముపై ఉలియు లక్కయు జేసినవి. 1756లో ఈ యూరు చూచిన మేజరు కార్నీల్ అను నాంగ్లేయుడు, చీటిగుడ్డల రంగులను మెచ్చుచు, దానితోపాటు పొదుగుడుపనికిని ఈ యూరు పేరుపొందినదని వ్రాసియున్నాడు. ఈ సంవత్సరమును చదువరులు గుర్తుంచుకొనవలెను. దీనితో మాకు ముందు పనియున్నది.

తరువాతి కాలమున పొదుగుట తగ్గి, పెట్టె నంతటిని పలుచని దంతపు రేకులతో గప్పుట యలవాటయ్యెను. లోపల పెక్కింట గంధపుచెక్క. మూత యెత్తగనే పరిమళము, పురుగుపట్టదను భరోసాయు. వ్రాతసామాను కొకటి, కుట్టుపని కొకటి, తేయాకున కొకటి. తేయాకు పెట్టెకు తాళమెందులకని మా విద్యార్థి యొక డడిగెను. ఆ దినములలో ఇంగ్లండున తేయాకు నౌకర్ల చేతికి విడువ మనసొప్పనంత వెలగల సరకు. కుట్టుపని పెట్టెలలో గొన్ని యచ్చముగా ఆంగ్లదేశపు పల్లెటూరి యింటివలె నుండును. ఇంటికప్పే మూత; గోడలకు కిటికీలు, పైన పొగగొట్టము. చెక్కినవాడు అట్టి యింటిలో నేనాడును అడుగుపెట్టి యుండడు. దొర లిచ్చిన అచ్చుబొమ్మయే వానికి ఆధారము. చలిమంట యెరుగని యా యూరివానికి ఆ పొగగొట్ట మెందులకో తెలిసియుండునా యని మేము పలుమారు తలపోసితిమి. తెలియకున్నను గీత మాత్రము తొణకలేదు.

చెన్నపట్టణమునకు 1773 మొదలు 1775 వఱకు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు వించ్ దొరగారి దంతపు సామగ్రి 1781లో వేలమునకు రాగా మూడవ జార్జి రాజు తన రాణికొఱకు గొనెను. అమ్మినవాని పేరును, కొన్నవాని పేరును గ్రంథముల కెక్కినవి. చేసినవాని పేరు మాత్ర మెక్కలేదు.

ఇంతకంటె వింత యొకటి కలదు. విశాఖపట్టణమున ఈ దంతపుపనికి మూలపురుషుడు 1859 నుండి 1862 వఱకు కలెక్టరుగా నుండిన ఫేన్ అను దొరగా రనుమాట 20వ శతాబ్ది యారంభమునాటి జిల్లా వృత్తాంతముల కెక్కినది. ఆయన ప్రోత్సాహమును మేము కాదనము. గంధపుచెక్కతో గూర్చిన ఎనుపకొమ్ము, తాబేటిచిప్ప, ఏదుముళ్ల పెట్టెలు ఆ శతాబ్దిలో విస్తారముగా నమ్ముడుపోయినవి. అధికారి యొకడు పూనుకొన్న బేరము పెరుగుట సహజము. కాని కార్నీల్ మేజరు మెచ్చుకొన్న నాటికిని ఫేన్ దొరగారు వచ్చిన నాటికిని నడుమ నూఱేండ్లకు పైబడిన యెడమున్నది. పెట్టెలు కంటియెదుట నుండగా పుస్తకము నెట్లు నమ్మితిమి? దొర చేయి తగులనిదే మన పనికి బుట్టుక లేదను తలంపు పాలకుల కుండుటలో నాశ్చర్యము లేదు. మనకును ఉండుటయే నొప్పికలిగించునది.

ఇట్టి పెట్టెలను సేకరింపవలెనని కుతూహలపడువా రొక సంగతి తెలిసికొనవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని తరువాతి సవరణలును మనదేశమున దంతపు క్రయవిక్రయములను నిషేధించినవి. 1991లో ఆఫ్రికా దంతమునకును ఆ నిషేధము వర్తించినది. ఇది న్యాయమే. ఎంతటి పనితనమైనను ఏనుగు ప్రాణముకంటె మిన్నగాదు. దంతపు పెట్టెలను ప్రదర్శనశాలలలో జూచి రావలెను. నూఱేండ్లు దాటిన యే కళావస్తువునైనను విదేశములకు బంపుటను 1972లోనే చేసిన పురావస్తువుల చట్టము అడ్డగించుచున్నది గాన, కొయ్యపెట్టె నమ్మువారును ఆలోచించి యమ్మవలెను. ఇక లక్కపని చచ్చిపోలేదు. వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనబట్టి, దానిపై రంగులక్క నొత్తి కుంకుమబరిణెలు చేయువా రున్నారు. ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. వెల స్వల్పము, మన యింటి యాడువారి చేతిలో మరునాటినుండియే పనికివచ్చును.

మా మాట కేమి? మా యింట తాతమ్మగారి టేకుపెట్టె యొకటి యుండెను. మూలల నిత్తడిరేకులు, మూతలోపల అద్దము, క్రింద చిన్నచిన్న యరలు. ఆమె తాళము కొంగున గట్టుకొని తిరుగుచుండెడిదట. ఆ యింటిలో ఆమెది యని చెప్పదగిన చోటు ఆ పెట్టె యొక్కటియే. ఆమెకు అక్షరము రాదని మా పెద్దలందఱు చెప్పుచుండిరి, మేమును నమ్మితిమి. కొన్నియేండ్ల క్రిందట సెలవులలో దానిని క్రొత్తదానివలె జేయవలెనని యుత్సాహపడి, ఉప్పుకాగితముతో లోపలను బయటను గీకి వార్నీషు పూయ మొదలిడితిమి. ఒక యర యడుగుభాగమున సగము గీకిన పిదప గాని అచ్చట వ్రాత యున్నట్లు మాకు గానరాలేదు. కాటుకవంటి నల్లని గీతలు. వంకరలు పోయినను తెలుగక్షరములే. ఎవరికిని దెలియకుండ ఆమె యక్షరములు నేర్చినది. ఎవరికిని గనబడని తావున లెక్కలు వ్రాసికొన్నది. కలెక్టరు మాట నమ్మినవారిని తప్పుపట్టిన మేము మా యింటిలో జేసిన పని యిది.

ఇప్పు డాపెట్టె ఎండ తగులని గోడప్రక్కన నున్నది. పొడిగుడ్డతో దుడుచుట తప్ప దానికి మఱేమియు జేయము. మా కూతురు పై యరలలో సూదులును, దారపుటుండలును, తన యుత్తరములును దాచుకొనుచున్నది. తాళము దానియొద్దనే యున్నది. క్రింది యరను వెల్లకిల ద్రిప్పి దీపమున కడ్డముగా బట్టినచో, ‘పాలకు బాకి ఆరణా’ అనునంతవఱకు చదువవచ్చును. తరువాతి పంక్తిని మా యుప్పుకాగితము తినివేసినది.