విదేశీయుల గుర్తింపు, బహిష్కరణ: రాయచూరు జిల్లా చరిత్ర

కృష్ణా తుంగభద్రల అంతర్వేదిలో ఉన్న రాయచూరు జిల్లాకు పరాయి దేశంతో సరిహద్దు లేదు, సముద్రపు రేవూ లేదు. అయినా ఎవరు ఈ దేశపు మనిషి, ఎవరు పరాయి అన్న విచారణ ముఖ్యంగా రెండు విడతలు ఇక్కడిదాకా వచ్చింది. మొదటిది 1948 పోలీసు చర్య తరవాత, జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నప్పుడు. రెండోది సింధనూరు తాలూకాలోని శరణార్థుల క్యాంపుల విషయంలో. అంతకు ముందరి శతాబ్దాల్లో బహమనీ, విజయనగర, ఆదిల్‌షాహీ, నిజాం పాలనల కింద పారశీకులు, అరబ్బులు, హబ్షీలు కొలువులకు వచ్చారు. 1520 నాటి రాయచూరు ముట్టడిలో కృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకీదార్లూ పోరాడారు. ఇటీవలి రెండు ఘట్టాలనూ కలిపి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఏరివేతలు జనానికి ఎప్పుడు నిరంకుశంగా తోచాయన్నది చట్టం ఎంత కఠినమన్న దాన్ని బట్టి కాక, రుజువు చేసే భారం ఎవరి నెత్తిన పడింది, విచారణ ముందా పట్టివేత ముందా అన్న దాన్ని బట్టే తేలింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. నాలుగైదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి సైనిక గవర్నరుగా, రాయచూరుతో కలిపి 16 జిల్లాల పాలన సైన్యం చేతికి వచ్చింది. రజాకార్ల దౌర్జన్యాలతో విసిగిన ప్రజలు ఈ మార్పును స్వాగతించారు. దోషులను శిక్షించాల్సిన అవసరమూ నిజమే. అయితే కొత్త ప్రభుత్వం నేరస్థులతో ఆగలేదు. నిజాం సైనికులుగా, జాగీర్దార్ల కావలివాళ్లుగా తరాల నుంచి బతుకుతున్న అరబ్బులను, వడ్డీ వ్యాపారంలో ఉన్న పఠాన్లను, రోహిల్లాలను మూకుమ్మడిగా విదేశీయులుగా లెక్కగట్టి నిర్బంధ శిబిరాలకు పంపింది. ఇతర రాష్ట్రాల నుంచి 1947–48లో పారిపోయి వచ్చిన ముస్లిం శరణార్థులను వాళ్ల స్వస్థలాలకు తిప్పిపంపే పనీ అప్పుడే జరిగింది. అరబ్బుల్లో చాలామంది మూలం యెమెన్‌లోని హద్రమౌత్. కానీ ఎందరో ఇక్కడే పుట్టారు, ఇక్కడి ఆడవాళ్లనే పెళ్లాడారు, పూర్వీకుల ఊరిని కంటితో చూసి ఎరుగరు. ఆడెన్‌లోని బ్రిటిషు అధికారులు వీళ్లను దించుకోవడానికి వెనకాడారు. పఠాన్లను తీసుకోవడానికి పాకిస్తాన్ సుముఖత చూపలేదు. పంపడానికి దేశం దొరకనప్పుడు బహిష్కరణ ఉత్తర్వు కాస్తా గడువు లేని జైలుశిక్షగా మారిపోయింది. చివరికి భార్యాబిడ్డలు ఇక్కడే ఉన్నవాళ్లలో అనేకులను ఉండనివ్వక తప్పలేదు. మనిషి మనిషిగా విచారిస్తే మొదటి నెలలోనే తేలిపోయే సంగతికి ఏళ్లు పట్టాయి. పోలీసు చర్య వెన్నంటి ముస్లింలపై జరిగిన హింసను విచారించిన పండిత సుందర్‌లాల్ బృందం నివేదికను కూడా ప్రభుత్వం అప్పట్లో ప్రచురించలేదు. ఆ దాపరికం అనుమానాలను పెంచింది.

ఈ అనుభవం రాజ్యాంగం అమల్లోకి రాకముందుది. వచ్చాక న్యాయస్థానాలు గీసిన గీత గమనించదగ్గది. పాకిస్తాన్ నుంచి రాకపోకలను అదుపు చేసే 1949 నాటి చట్టం కింద, అనుమతి నిబంధన ఉల్లంఘించాడన్న అనుమానం ఉంటే చాలు, పౌరుణ్ణయినా దేశం దాటించవచ్చు. 1954లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. అధికారి నమ్మకం ఒక్కటే పౌరుణ్ణి వెళ్లగొట్టడానికి చాలదని చెప్పిన ఆ తీర్పు దూరదృష్టి గలది. మరుసటి ఏడాది హాన్స్ ముల్లర్ కేసులో అదే కోర్టు, విదేశీయుణ్ణి పంపివేయడంలో కేంద్రానికి పరిమితి లేని అధికారం ఉందన్నది. ఈ రెండూ పరస్పరం విరుద్ధం కావు. విదేశీయుడని తేలినవాడిపై అధికారం సంపూర్ణం, తేలకముందు కాదు. చిక్కల్లా 1946 విదేశీయుల చట్టం 9వ సెక్షన్‌తో వచ్చింది. విదేశీయుణ్ణి కానని నిరూపించుకునే బాధ్యతను అది నిందితుడి మీదే పెట్టింది.

1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. తుంగభద్ర ఎడమ కాలువ నీటితో మెట్ట భూములు వరి మళ్లయ్యాయి. కోస్తా జిల్లాల తెలుగు రైతులు వచ్చి భూములు కొని క్యాంపుల పేరిట ఊళ్లు కట్టుకున్నారు. వీళ్లను ఎవరూ కాగితాలు అడగలేదు. 1970 దశకం మొదట్లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ హిందూ కుటుంబాలను కేంద్ర ప్రభుత్వమే సింధనూరు దగ్గర దించి, ఇళ్లూ సాగుభూమీ ఇచ్చింది. ఆర్.హెచ్. క్యాంపులని పిలిచే ఆ ఊళ్లలో నమశూద్రులు అధికం. రాజ్యమే చేయి పట్టి తెచ్చి కూర్చోబెట్టిన ఈ జనంలో చాలామందికి రేషన్ కార్డు, ఓటు వచ్చాయి గాని పౌరసత్వ పత్రం అందరికీ రాలేదు. వ్యవహారం సాఫీగా సాగినన్నాళ్లు ఆ లోటు ఎవరికీ పట్టలేదు. 1987 జూలై 1కి ముందు భారతదేశంలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. ఆ తరవాత పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు నుంచి ఒకరు పౌరులైనా రెండోవారు అక్రమ వలసదారైతే బిడ్డకు పౌరసత్వం లేదు. ఒకే ఇంట్లో అన్న పౌరుడు, తమ్ముడు అనుమానితుడు అయ్యే వీలు ఇలా ఏర్పడింది. 2019 సవరణ చట్టం 2014 డిసెంబరు 31లోపు వచ్చిన, ముస్లింలు కాని ఆరు మతాలవారికి దారి తెరిచింది. 2024 మార్చి 11న నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం జిల్లా కమిటీకి తపాలా సూపరింటెండెంటు అధ్యక్షుడు. దరఖాస్తుదారు కాగితాలు సరిచూసి ప్రమాణం చేయించేది ఆ కమిటీయే. 2024 ఆగస్టులో సింధనూరు క్యాంపులవాళ్లు ఐదుగురికి పౌరసత్వం దక్కింది. ఊరట నిజమే. దానికి మూల్యంగా, ప్రభుత్వమే స్థిరపరచిన మనిషి తాను పరాయి దేశం నుంచి వచ్చానని యాభై ఏళ్ల తరవాత రాసివ్వాల్సి వచ్చింది. మతం చూసి దారి తెరిచినందున, ఇలాంటి పత్రాలే లేని ముస్లిం కూలీకి ఈ మార్గం లేదు.

అక్రమంగా చొరబడినవాళ్లను పంపకపోతే దేశభద్రతకు, స్థానికుల కూలీకి నష్టమనే వాదన బరువైనదే. 2005లో సుప్రీంకోర్టు అస్సాం విషయంలో ఆ ఆందోళనను పూర్తిగా అంగీకరించింది. రుజువు భారాన్ని ప్రభుత్వంపై పెడితే కేసులు తెమలవన్నది రెండో వాదన. కానీ అస్సాంలో భారం ప్రజల మీదే పెట్టి చేసిన పౌర జాబితాలో సైతం 2019 ఆగస్టు 31న 19,06,657 మందికి చోటు దక్కలేదు, వాళ్ల సంగతి ఇప్పటికీ తేలలేదు. భారం మార్చినంత మాత్రాన పని తెమలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. 2020 జనవరిలో బెంగళూరులో బంగ్లాదేశీయులవని చెప్పి గుడిసెలు కూలగొట్టినప్పుడు, అక్కడ ఉన్నవాళ్లలో ఉత్తర కర్ణాటక కూలీలూ ఉన్నారు. హైకోర్టు పోలీసుల తీరును తప్పుపట్టింది. ఆ రోజుల్లోనే నెలమంగల దగ్గర సొండెకొప్పలో సాంఘిక సంక్షేమ హాస్టలు భవనం నిర్బంధ కేంద్రమైంది. పొరపాటు ఖరీదు పొరుగు జిల్లాల పేదలు మోస్తారన్న భయానికి ఇవే ఆధారాలు.

తెలుగువాళ్లు ఈ భయాన్ని అవతలి వైపు నుంచీ చూశారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డాక, మోసపోయిన ఆంధ్ర విద్యార్థుల కాళ్లకు అమెరికా అధికారులు రేడియో పట్టీలు తగిలించారు. భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వలస శాఖే పెట్టిన ఉత్తుత్తి సంస్థ అని బయటపడింది. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలో అధికులు తెలుగువాళ్లు. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్లతో అమెరికా సైనిక విమానంలో అమృతసర్‌లో దించారు. తప్పు చేసినవాళ్లు వీళ్లలో ఉండవచ్చు. విచారణకు ముందే పట్టీ, సంకెల తగిలించిన పద్ధతి మాత్రం 1948 నాటి శిబిరాల బాటలోనిదే.

2024 జూలైలో సుప్రీంకోర్టు, ఏ ఆధారమూ లేకుండా అధికారులు ఒకరి తలుపు తట్టి విదేశీయుడివి కాదని రుజువు చేసుకోమనడం కుదరదని స్పష్టం చేసింది. మరుసటి ఏడాది ఢిల్లీలో పట్టుబడి బంగ్లాదేశ్‌లోకి నెట్టివేతకు గురైన పశ్చిమ బెంగాల్ గర్భిణిని వెనక్కి తేవాలని కలకత్తా హైకోర్టు సెప్టెంబరులో ఆదేశించింది. ఆ నెల 1న వలస, విదేశీయుల చట్టం 2025 అమల్లోకి వచ్చి 1946 చట్టంతో సహా నాలుగు పాత చట్టాలను రద్దు చేసింది. రుజువు భారం మాత్రం పాతచోటే ఉంది. అస్సాంకే పరిమితమైన విదేశీయుల ట్రైబ్యునళ్లను ఇతర రాష్ట్రాల్లోనూ పెట్టే వీలు కొత్త ఉత్తర్వుతో వచ్చింది. కర్ణాటకలో అలాంటిది ఏర్పడితే, సింధనూరు క్యాంపులో 1970లలో ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టాను అది పౌరసత్వానికి ఆధారంగా తీసుకోవాలో వద్దో ఆ చట్టం చెప్పలేదు.